నైజీరియా సీఫుడ్ సూపుల్లో మొదట ఏది తినాలి?

లాగోస్‌లో ఉద్యోగానికి వచ్చిన తెలుగువాళ్లు, హ్యూస్టన్‌లోనో లండన్ పెక్హమ్‌లోనో ఫ్రెండ్స్‌తో కలిసి నైజీరియన్ హోటల్‌కి వెళ్లినవాళ్లు, హైదరాబాద్ టోలిచౌకి వైపు ఆఫ్రికన్ హోటల్ బోర్డు చూసి ఒకసారి తిని చూద్దామనుకునేవాళ్లు... అందరికీ మెనూ దగ్గర ఒకటే ఇబ్బంది. సీఫుడ్ ఓక్రా, ఫిషర్‌మన్, నేటివ్, బాంగా, అఫాంగ్, పెప్పర్ సూప్. దేని గురించి అడిగినా చేపలున్నాయి, బాగుంటుంది అనే చెప్తారు. ఏదో ఒకటి ఆర్డర్ చేసి, రెండు ముద్దలు తిని, "ఈ తిండి మనకు పడదు" అని ప్లేటు పక్కకు జరిపేసేవాళ్లను చాలామందిని చూశాను. ఆ రోజు ఎంచుకున్న సూప్ వాళ్ల నోటికి సరిపడలేదు, అంతే. పక్క టేబుల్ మీదున్న గిన్నె తెప్పించుకుని ఉంటే ఊడ్చి తినేవాళ్లు.

మనవాళ్లలో ఎక్కువమంది ఓక్రా దగ్గరే ఆగుతారు. బెండకాయ తెలిసిన కూరగాయ కదా అని ధైర్యం. నాకు ఈ సూపులన్నింట్లోకీ అదే ఎక్కువ ఇష్టం. అయినా కొత్తగా తినేవాళ్లందరికీ దాన్ని చెప్పను. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

## ముందు మీ సంగతి మీరు తేల్చుకోండి

జిగురు. మొదటి ప్రశ్న ఇదే. మనం బెండకాయ వండేటప్పుడు ముక్కలు తుడిచి, ఆరబెట్టి, మూత పెట్టకుండా వేయించి, చింతపండు పులుసో మజ్జిగో పోసి ఎలాగైనా జిగురు పోగొట్టాలని చూస్తాం. నైజీరియాలో ఆ జిగురు కోసమే బెండకాయ కొంటారు. సన్నగా తరుగుతారు, కొందరు తురుముతారు. కొన్ని ఇళ్లలో జిగురు ఇంకా సాగడానికి కాన్ అనే క్షారపు రాయి పొడి చిటికెడు వేస్తారు. ఈ సూపుల్లో చాలావాటిని కర్రపెండలం, యామ్ దుంప లాంటివాటితో చేసిన సంకటి లాంటి ముద్దతో తింటారు. ఆ ముద్ద ఎత్తితే గిన్నె నుంచి నోటిదాకా తీగ సాగాలి. సాగకపోతే వండినావిడకు చిన్నతనం. మీకు బచ్చలికూర పప్పులో జిగురు కూడా నచ్చదంటే ఓక్రాకు మీ వంతు ఇంకా రాలేదు. ఓగ్బోనో అన్న పేరు కనిపించినా అంతే. అది అడవి మామిడి గింజల పొడి, బెండకాయ కంటే ఎక్కువ సాగుతుంది.

నూనె. ఈ సూపుల్లో చాలావాటికి శుద్ధి చేయని ఎర్ర పామాయిలే ప్రాణం. మన కొట్లలో దొరికే పామాయిల్ రంగూ వాసనా తీసేసినది. దీనికి రెండూ ఉంటాయి. వాసన కొంచెం మట్టిగా, కొంచెం తియ్యగా వస్తుంది. మొదటిసారి తినేవాళ్లకు రుచి కంటే ముందు అదే తగులుతుంది.

ముళ్లు, గుల్లలు. కోనసీమలోనో భీమవరం వైపో పీత డెక్క కొరికి తింటూ పెరిగినవాళ్లకు ఇది సమస్యే కాదు, సంతోషం. ఆఫీస్ బట్టల్లో, టీమ్‌తో కలిసి లంచ్‌కి వెళ్లినప్పుడు మాత్రం ఆలోచించండి. చేత్తో తినాలి, చేతులు మోచేతిదాకా ఎర్రనవుతాయి.

ఎండు చేపల వాసన. క్రేఫిష్ అని నైజీరియాలో పిలిచేది ఎండబెట్టిన చిన్న రొయ్యల పొడిని. దాదాపు అన్ని సూపుల్లోనూ పడుతుంది. ఎండు రొయ్యలు వేసి గోంగూర వండుకునే ఇంట్లోవాళ్లకు ఇబ్బంది ఉండదు. దీనికి తోడు నార్వే నుంచి వచ్చే గట్టి ఎండు కాడ్ చేప కూడా పడుతుంది, దాన్ని స్టాక్‌ఫిష్ అంటారు. 1967-70 మధ్య బియాఫ్రా యుద్ధం, అంటే నైజీరియా అంతర్యుద్ధం రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పంచిన సాయంలో ఇదీ ఉంది. అంతకుముందు నుంచీ తెలిసిన చేపే అయినా ఆ తర్వాత తూర్పు నైజీరియా వంటిళ్లలో స్థిరపడిపోయింది. వాసన ఘాటు.

మాంసం కలుస్తుందా? దీన్ని చాలామంది అడగరు, తర్వాత బాధపడతారు. సీఫుడ్ అని రాసి ఉన్న గిన్నెలో కూడా ఆవు మాంసం, ఆవు తోలు, పేగులు ఉండొచ్చు. అక్కడ చేపనూ మాంసాన్నీ ఒకే గిన్నెలో వేయడం మామూలు విషయం. సూప్ రుచి కోసం మాంసం ఉడికించిన నీళ్లు పోయడమూ ఉంది. బీఫ్ తిననివాళ్లు "ఓన్లీ ఫిష్, నో బీఫ్, నో పొన్మో, నో షాకీ" అని విడివిడిగా చెప్పాలి. పొన్మో అంటే తోలు, షాకీ అంటే ఆవు పొట్ట. మాంసం నీళ్లు పోశారా అని కూడా అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

రొయ్యలు, పీతలు పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవాళ్లు ఈ సూపుల జోలికి వెళ్లకపోవడమే మంచిది. రొయ్యలు వేయవద్దన్నా ఎండు రొయ్యల పొడి ముందే కలిసి ఉంటుంది.

కారం గురించి ఒక్క మాట చాలు. అక్కడ వాడేది గుండ్రటి స్కాచ్ బానెట్ మిరప. అక్కడి యొరుబా భాషలో అతా రోడో అంటారు. గుంటూరు మిర్చి తిన్నవాళ్లు కూడా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, మంట ఆలస్యంగా మొదలై ఎక్కువసేపు ఉంటుంది.

## ఒక చూపులో

| సూప్ | ఎక్కడిది | జిగురు | ఎర్ర నూనె | తినడంలో పని | ఎవరికి |
|---|---|---|---|---|---|
| సీఫుడ్ ఓక్రా | దేశమంతా | చాలా ఎక్కువ | మధ్యస్తం | పీతలుంటే ఎక్కువ | జిగురు ఇష్టమైనవాళ్లకు |
| ఫిషర్‌మన్ | నైజర్ డెల్టా తీరం | కొద్దిగా | తక్కువ | ఎక్కువ | తాజా చేప రుచి కోరేవాళ్లకు |
| నేటివ్ | రివర్స్ రాష్ట్రం | కొద్దిగా | ఎక్కువ | చాలా ఎక్కువ | తీరిగ్గా కూర్చుని తినేవాళ్లకు |
| బాంగా | డెల్టా రాష్ట్రం | లేదు | పండు నుంచే వస్తుంది | తక్కువ | చిక్కటి, మసాలా రుచికి |
| అఫాంగ్ | క్రాస్ రివర్, అక్వా ఇబోమ్ | లేదు | ఎక్కువ | మధ్యస్తం | ఆకుకూర ప్రియులకు |
| క్యాట్‌ఫిష్ పెప్పర్ సూప్ | దేశమంతా | లేదు | లేదు | తక్కువ | మొదటిసారి తినేవాళ్లకు |

## క్యాట్‌ఫిష్ పెప్పర్ సూప్: భయం ఉన్నవాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి

ఇందులో నూనె ఉండదు, జిగురు ఉండదు, ముద్దతో తినాలన్న నియమమూ లేదు. పలుచటి ఘాటైన నీళ్లలో మందపాటి చేప ముక్కలు, పైన తులసి జాతికి చెందిన సెంట్ లీఫ్ ఆకు. ఎహురు అనే గింజను వేయించి పొడి చేసి వేస్తారు. జాజికాయకు దగ్గరి వాసన దాని నుంచే వస్తుంది. ఉడా అనే నల్లటి కాయ కొంచెం పొగ వాసన ఇస్తుంది. చేప ఉడుకుతుంటే గరిటె పెట్టరు, ముక్కలు విరిగిపోతాయని గిన్నెనే పట్టుకుని కుదుపుతారు.

సాయంత్రాల్లో బీర్‌తో పాటు దీన్ని తినే చోట్లు లాగోస్ నిండా ఉన్నాయి. తొట్టిలో ఈదుతున్న చేపల్లో ఒకదాన్ని మీరు వేలు పెట్టి చూపిస్తే పట్టి, కోసి, వండి తెస్తారు. పాయింట్ అండ్ కిల్ అని పేరు. చేప సైజును బట్టి ధర మారుతుంది కాబట్టి చూపించే ముందే రేటు మాట్లాడుకోండి. పక్కన ఉడికించిన యామ్ దుంప గానీ అరటికాయ గానీ అన్నం గానీ అడగొచ్చు.

లోటు ఏంటంటే, ఇది తింటే నైజీరియా సూప్ మొత్తం తెలిసినట్టు కాదు. ఎర్ర నూనె, ముద్ద, ఆకుకూర ఏవీ ఇందులో లేవు. ధైర్యం కోసం మొదటి గిన్నెగా మంచిది.

## ఫిషర్‌మన్, నేటివ్: పీతలు, రొయ్యలు ప్రాణమైనవాళ్లకు

ఈ రెండూ నైజర్ డెల్టా వాగుల మధ్య, మడ అడవుల అంచున పుట్టినవి. పోర్ట్ హార్కోర్ట్‌లో నేటివ్ సూప్ అంటే ఆ ఊరి గౌరవం. తాజా చేప, కాల్చి ఎండబెట్టిన చేప, రొయ్యలు, పీతలు, పెరివింకిల్ అనే మడ నత్తలు అన్నీ ఒకే గిన్నెలో పడతాయి. చిక్కదనం కోసం అచి గానీ ఒఫోర్ గానీ, అంటే ఒక రకం గింజల పొడి, లేదంటే ఉడికించి దంచిన చేమదుంప కలుపుతారు. చివర్లో మిరియాల జాతికి చెందిన ఉజిజా ఆకును సన్నగా తరిగి చల్లుతారు. ఆ ఆకు ఘాటు సముద్రపు వాసనను అదుపులో పెడుతుంది.

ఫిషర్‌మన్ సూప్ దానికి తేలికైన తోబుట్టువు. నూనె తక్కువ, ఎండు చేప తక్కువ, తాజా చేపే ఎక్కువ. పడవ మీద ఆ రోజు దొరికినదాన్ని దొరికినట్టు వండుకున్న రుచి. రెండింట్లో ఒకటి ఎంచుకోవాలంటే, తాజా చేప వాసన తెలిసి పెరిగిన తీరప్రాంతంవాళ్లకు ఫిషర్‌మన్ చెప్తాను. ఎండు చేపల కూర అంటే నోరూరేవాళ్లకు నేటివ్.

పెరివింకిల్ గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మొదటిసారి చూసినవాళ్లు దాన్ని పక్కన పెట్టేస్తారు. సన్నటి, పొడుగాటి, మొనతేలిన గుల్ల అది. వండేముందే వెనక కొసను కొట్టేస్తారు. అలా కొట్టకపోతే లోపల గాలి ఆడక మాంసం బయటికి రాదు. వెడల్పు వైపు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కసారి గట్టిగా పీల్చాలి. చిన్న మెలి తిరిగిన ముక్క, దానితో పాటు చెంచాడు పులుసు నోట్లోకి వస్తాయి. నోటి దగ్గర పలుచటి గట్టి మూత ఒకటి ఉంటుంది, దాన్ని ఉమ్మేయండి. రాకపోతే కొస వైపు ఒకసారి పీల్చి మళ్లీ ముందు వైపు పీల్చండి. హోటల్లో చప్పుడవుతుందని మొహమాటపడకండి, పక్కనున్న అందరూ అదే చేస్తుంటారు. అంత ఓపిక లేదంటే గుల్ల తీసిన పెరివింకిల్ వేయమని అడగొచ్చు. గుల్లలో ఉన్నంత పులుసు అందులో ఉండదు.

## సీఫుడ్ ఓక్రా: జిగురుతో రాజీ పడ్డాక

మంచి ఓక్రా సూప్ గిన్నె టేబుల్ మీద పెట్టినప్పుడు లేత ఆకుపచ్చగా ఉండాలి. ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగు కలిసిపోయి ఉంటే బెండకాయ ఎక్కువ ఉడికిందని అర్థం. దాన్ని వేశాక మంట మీద అయిదు నిమిషాలకు మించి ఉంచరు, మూత పెట్టరు. ముక్క పళ్ల కింద కొంచెం కరకరలాడాలి. ఉగు అనే గుమ్మడి జాతి ఆకు కలిపితే రంగు ఇంకా బాగుంటుంది.

సముద్రపు రుచిని ఇంత బాగా పట్టి ఉంచే సూప్ నాకు మరొకటి తెలియదు. పీత నుంచి, రొయ్య తల నుంచి దిగిన రసం జిగురులో చిక్కుకుని ముద్దకు అంటుకుని వస్తుంది, గిన్నె అడుగున మిగిలిపోదు. పలుచటి సూపుల్లో ఆ రసం సగం గిన్నెలోనే ఉండిపోతుంది. జిగురు అలవాటైన తర్వాత మళ్లీ వెనక్కి వెళ్లలేకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను.

పిల్లలకు ఇది చాలా తేలిక. జిగురుతో ముద్ద గొంతులోకి తేలిగ్గా జారిపోతుంది, రొయ్యలు మాత్రం నమిలి తినాలి. కారం తక్కువగా చేయమని, పీత, ముల్లు లేకుండా రొయ్యలు మాత్రమే వేయమని అడిగితే సరిపోతుంది.

హోటల్లో చూడాల్సిందొకటి. సీఫుడ్ ఓక్రా ఖరీదైన గిన్నె. కొన్ని చోట్ల పైన రెండు రొయ్యలు అలంకరించి, కింద మాంసం ముక్కలు నింపి తెస్తారు. ఏమేం వేస్తారో ఆర్డర్ ముందే అడగండి.

## బాంగా: నూనె పండు పులుసు

దీన్ని తప్పకుండా ఒకసారి తినమంటాను, ముఖ్యంగా ఏలూరు, అశ్వారావుపేట ప్రాంతాలవాళ్లను. మన దగ్గర పామాయిల్ తోటలు అక్కడే ఎక్కువ. పెదవేగిలో జాతీయ స్థాయి పామాయిల్ పరిశోధన సంస్థ కూడా ఉంది. ఆ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. మనం గెలలు కోసి ఫ్యాక్టరీకి తోలడమే ఎరుగుదుం. డెల్టా రాష్ట్రంలో ఉర్హోబోలు ఆ పండ్లను ఉడకబెట్టి, రోట్లో దంచి, వేడినీళ్లతో పిసికి, పీచు వడకట్టి, వచ్చిన చిక్కటి రసాన్ని నూనె పైకి తేలేదాకా మరిగిస్తారు. బయటి నుంచి నూనె పోయరు. ఒబురున్‌బెబె అనే పుల్ల, అతైకో, రొగోజే అనే గింజలు, ఎండిన బెలెతెతె ఆకు వేస్తారు. ఈ మసాలా వాసన మన వంటింట్లో దేనికీ దగ్గరగా ఉండదు. చేప తాజా క్యాట్‌ఫిష్ గానీ ఎండుది గానీ.

ఆ రాష్ట్రంలోని వారీ, సపేలే అనే ఊళ్ల వైపు దీన్ని స్టార్చ్‌తో తింటారు. కర్రపెండలం గంజిపిండిని ఎర్ర నూనెతో ఉడికించి చేసే పసుపుపచ్చటి, రబ్బరులా సాగే ముద్ద అది. కొత్తవాళ్లకు అదే కష్టం. తూర్పు నైజీరియాలోని ఇగ్బోలు ఇదే పండు రసంతో ఒఫె అక్వు చేసుకుని అన్నంలో కలుపుకుంటారు. అన్నం లేకపోతే తిన్నట్టు ఉండదనేవాళ్లు ఒఫె అక్వు ఉందా అని అడగండి. ముద్ద గొడవే ఉండదు.

బాంగా బరువైన సూప్. మధ్యాహ్నం తిని మీటింగ్‌కు వెళ్లే ప్రోగ్రామ్ ఉంటే వద్దు.

## అఫాంగ్

ఎఫిక్, ఇబిబియో ప్రజల వంట. కాలబార్‌లో బాగా చేస్తారు. అఫాంగ్ ఆకు బిరుసు, దారాల్లా సన్నగా తరిగి దంచాలి. బచ్చలిలా నీరూరే వాటర్‌లీఫ్ ఆకు ముందు వేసి ఆ నీళ్లలోనే ఇదంతా ఉడికిస్తారు, నీళ్లు విడిగా పోయరు. పెరివింకిల్, ఎండు చేప, రొయ్యలు పడతాయి కానీ ఇది ముందు ఆకుకూర, తర్వాతే సీఫుడ్. మాంసం కూడా తరచుగా కలుస్తుంది. చేపల కోసం వెళ్లినవాళ్లు వేరేది చెప్పండి. ఆకుకూర లేనిదే ముద్ద దిగనివాళ్లు నిశ్చింతగా చెప్పండి.

## ముద్ద ఏది తీసుకోవాలి

సూప్ ఎంత ముఖ్యమో ముద్ద అంతే ముఖ్యం. రాగి సంకటి తినే సీమవాళ్లకు ఈ పద్ధతి చెప్పనక్కర్లేదు: చిన్న ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, సూప్ ఎత్తుకుని, నమలకుండా మింగడం. కుడిచేత్తోనే తినాలి, ఈ మర్యాద అక్కడా ఉంది.

పులియబెట్టి వేయించిన కర్రపెండలం రవ్వను గర్రి అంటారు. దాన్ని వేడినీళ్లలో కలిపితే ఎబా. కొద్దిగా పులుపు, చౌక, ఎక్కడైనా దొరుకుతుంది. ఓక్రాకు ఇదే నా ఎంపిక, ఎందుకంటే జిగురుకు ఆ పులుపు సరిగ్గా సరిపోతుంది. దంచిన యామ్ మెత్తగా, తియ్యగా, ఖరీదుగా ఉంటుంది. ఫిషర్‌మన్, నేటివ్ సూపులకు బాగుంటుంది. ఫుఫూ పులిసిన వాసన ఎక్కువ, మొదటిసారికి వద్దు. సెమో గోధుమ రవ్వ రకం, ఏ వాసనా ఉండదు. భయంగా ఉంటే సెమో.

## ఇంట్లో వండుకోవాలంటే

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఆఫ్రికన్ కొట్టులో అన్నీ దొరుకుతాయి. బాంగాకు పండు రసం డబ్బాల్లో వస్తుంది, మసాలా ప్యాకెట్ విడిగా. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లు బాంగా, అఫాంగ్ మీద ఆశ వదులుకోండి. అఫాంగ్ ఆకుకు బదులు ఏ ఆకు వేసినా అది అఫాంగ్ కాదు. పెప్పర్ సూప్ చేసుకోవచ్చు, అయితే అక్కడ వాడే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకంపై మన దేశంలో నిషేధం ఉంది. చెరువుల్లో మిగతా చేపలను తినేస్తుందని ఆపారు. దొంగచాటుగా అమ్మినా కొనకండి. మన మార్పు చేప గానీ కొరమీను గానీ చక్కగా సరిపోతుంది. ఎహురు బదులు జాజికాయ చిటికెడు, సెంట్ లీఫ్ బదులు ఇంటి ముందున్న తులసి నాలుగు ఆకులు.

మన ఊళ్లో అసలుకు దగ్గరగా వచ్చేది సీఫుడ్ ఓక్రానే. నలుగురికి అరకిలో లేత బెండకాయలు, పావుకిలో రొయ్యలు, రెండు పీతలు, అరకిలో గట్టి సముద్రపు చేప, రెండు టేబుల్ స్పూన్ల ఎండు రొయ్యల పొడి. ఉగు బదులు గుమ్మడి లేతాకు, లేదంటే పాలకూర. ఉజిజా బదులు కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. ఎర్ర పామాయిల్ దొరికితే నాలుగు టేబుల్ స్పూన్లు. దొరకకపోతే వేరుశనగ నూనె వేయండి, రుచి మారుతుంది కానీ తినదగ్గట్టే ఉంటుంది. పసుపు, ధనియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద జోలికి వెళ్లొద్దు. చింతపండు అసలే వద్దు, జిగురు విరిగిపోతుంది.

బెండకాయల్లో సగం సన్నగా, సగం కొంచెం పెద్దగా తరగండి. నూనెలో ఉల్లిపాయ, నూరిన పచ్చిమిర్చి వేగాక నీళ్లు పోసి పీతలు ముందు వేయండి, అవి ఉడకడానికి సమయం పడుతుంది. తర్వాత చేప, ఎండు రొయ్యల పొడి, ఉప్పు. చేప సగం ఉడికాక రొయ్యలు, వాటి రంగు మారగానే బెండకాయ. ఇక మూత పెట్టకండి. మూడు నాలుగు నిమిషాలకు ఆకు, మిరియాలు వేసి, ఒకసారి కలిపి దింపేయండి. మర్నాటికి ఉంచితే బెండకాయ రంగు, జిగురు రెండూ తగ్గిపోతాయి కాబట్టి ఆ పూటకు సరిపడా మాత్రమే చేసుకోండి.